కుక్కర్ అట్టపెట్టెలో పాలసీ

"ఏ కంపెనీ అమ్మా?"

"నీలం రంగు ఫైలు రా. ఏజెంటు వచ్చి ఇచ్చాడు కదా, అది."

ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ కౌంటర్ ముందు నిలబడి మేం మాట్లాడుకున్న మాటలివి. పోయిన వేసవిలో సెమిస్టర్ పరీక్షలు అయిపోయి ఇంటికెళ్ళిన నాలుగో రోజు నాన్న బండి మీద నుంచి పడ్డారు. తలకి దెబ్బ. ఐసీయూలో ఉన్నారు, మాట లేదు. ఫోన్ రోడ్డు మీదే పగిలిపోయింది. ఏటా ప్రీమియం కడుతున్నారని అందరికీ తెలుసు. ఏ కంపెనీకో, ఆ కాగితం ఎక్కడుందో మాత్రం ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది: కార్డు గానీ, పాలసీ నంబరు గానీ, కనీసం కంపెనీ పేరు గానీ ఉంటే చూస్తాం, లేకపోతే ముందు డబ్బు కట్టాలి అని.

మా నాన్న తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. మిల్లు లెక్కల్లో ఒక్క బస్తా తేడా రానివ్వరు. అలాంటి మనిషి ఇంట్లో కాగితాలు ఎన్ని చోట్ల ఉన్నాయో ఆ మూడు రోజుల్లో తెలిసింది. బీరువా లాకర్లో కొన్ని, పరుపు కింద కొన్ని, దేవుడి పటం వెనక కొన్ని, బియ్యం డబ్బా పక్కన రెగ్జిన్ సంచిలో ఇంకొన్ని. మూడో రోజు సాయంత్రం చెల్లి అటకెక్కి ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టె దించింది. అందులో, కుక్కర్ వారంటీ కార్డు కింద, నీలం రంగు ఫైలు. అప్పటికే అమ్మ నాలుగు గాజులు తాకట్టు పెట్టేసింది.

నాన్న ఇంటికొచ్చాక ఓ రోజు అడిగాను, కుక్కర్ పెట్టెలో ఎందుకు పెట్టావు నాన్నా అని.

"రెండూ గ్యారంటీ కాగితాలే కదరా" అన్నారు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆయన దగ్గర పద్ధతి లేకపోవడం కాదు. ఉంది. కాకపోతే దాని ఇండెక్స్ మొత్తం ఒకే ఒక్క చోట ఉంది, ఆయన తలలో. దెబ్బ తగిలింది కూడా అక్కడే. సిస్టమ్స్ క్లాసులో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని చదువుకుంటాం కదా, మా ఇంట్లో అది మిల్లుకి సైకిల్‌మోటారు వేసుకుని వెళ్ళొచ్చేది. ఈసారి క్లబ్ పత్రికకి కథ రాద్దామనుకున్నవాణ్ణి, ఇది రాస్తున్నాను. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీకూ పనికొస్తుందని.

నేను మొదట చేసిన తప్పుతో మొదలుపెడతాను. రంగురంగుల ఫోల్డర్లు కొనుక్కొచ్చి ఆరోగ్యం, చదువు, బ్యాంకు, ఇల్లు అని లేబుళ్ళు అంటించాను. రెండో రోజుకే చిక్కొచ్చింది. నా ఫీజు కోసం బ్యాంకులో తీసుకున్న లోను కాగితం చదువులోకా, బ్యాంకులోకా? నాన్న మందుల బిల్లు ఆరోగ్యంలోకా, ఇన్సూరెన్స్‌లోకా? నేను ఒకలా అనుకుని పెడతాను, అమ్మ ఇంకోలా అనుకుని వెతుకుతుంది. ఇదీ కుక్కర్ పెట్టె లాంటిదే, కాస్త ఖరీదైనది, అంతే.

అప్పుడు గుర్తొచ్చింది యుకియో నొగుచి పద్ధతి. ఈయన జపాన్ ఆర్థికవేత్త, కాగితాలు సర్దడం మీద 1993లో ఆయన రాసిన పుస్తకం అక్కడ బాగా అమ్ముడుపోయింది. పద్ధతి ఇంతే: వర్గాలు చెయ్యకండి. ఒక్కో విషయానికి ఒక్కో ఏ4 కవరు తీసుకుని అంచు మీద పేరు, తేదీ రాయండి. అరలో పుస్తకాల్లా నిలబెట్టండి. కొత్త కవరు ఎప్పుడూ ఎడమ చివర. ఏ కవరు తీసినా, తిరిగి పెట్టేటప్పుడు పాత చోట కాదు, ఎడమ చివరే. కొన్నాళ్ళకి తరచుగా వాడేవన్నీ వాటంతటవే ఎడమకి చేరతాయి, ఎవరూ ముట్టనివి కుడికి జరిగిపోతాయి.

సీఎస్‌ఈ వాళ్ళు ఈపాటికి గుర్తుపట్టేసి ఉంటారు. డేటా స్ట్రక్చర్స్‌లో మూవ్ టు ఫ్రంట్, ఓఎస్‌లో ఎల్ఆర్‌యూ. లిస్టులో వెతికిన ఐటమ్‌ని ప్రతిసారీ ముందుకు తెస్తే, రేపు ఏమేం అడుగుతారో ముందే తెలిసిన పద్ధతితో పోల్చినా మొత్తం ఖర్చు సుమారు రెండింతలకి మించదని స్లీటర్, టార్జన్ 1985లో నిరూపించారు. అంటే ఏం తెలీకుండా, ఏం ఆలోచించకుండా ఎడమ పక్కన పెట్టుకుంటూ పోయినా మరీ నష్టపోం. ఇంట్లో వాళ్ళకి నేర్పించాల్సిన రూలు కూడా ఒక్కటే. కరెంటు బిల్లు, గ్యాస్ పుస్తకం, నాన్న చెకప్ రిపోర్టులు, చెల్లి స్కూలు రసీదులు ఇలా 20 కవర్లు పెట్టాం. అమ్మ రెండు రోజుల్లో అలవాటు చేసుకుంది.

అయితే ఈ పద్ధతిని గుడ్డిగా వాడితే ప్రమాదం. ఎల్ఆర్‌యూ కంటికి చాలాకాలం వాడనిదంటే పనికిరానిదే. మా నాన్న పాలసీ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అవసరం పడలేదు. కావాల్సి వచ్చిన రోజు మాత్రం అరగంటలో కావాలి. తరచుగా వాడేది వేరు, ముఖ్యమైనది వేరు. అందుకని స్థలం దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, బాండ్లు, పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, మా మార్కుల మెమోలు, టీసీలు, 6వ తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు వరసలోంచి తీసేసి ఇనప పెట్టెలో పెట్టాం. స్టడీ సర్టిఫికెట్ల విలువ కౌన్సెలింగ్‌కి వెళ్ళొచ్చిన మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎక్కడ చదివామో కాగితం మీద చూపించలేకపోతే లోకల్ అని నిరూపించుకోవడమే కష్టం. చెల్లికి ఇంకా ఆ గండం ఉంది.

పెట్టెలో ఒక్కో కాగితం ప్లాస్టిక్ కవర్లో ఉంది. లామినేషన్ మాత్రం వద్దు. మా బాబాయ్ ఎంతో ప్రేమగా తన డిగ్రీ సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించుకున్నాడు, తర్వాత దాని వెనక ముద్ర వేయించాల్సి వస్తే ప్లాస్టిక్ మీద వెయ్యలేక తిప్పి పంపారు. ఒకసారి వేడి చేసి అంటించాక కాగితం చిరక్కుండా ఊడదు.

ఇప్పుడు అసలు పని. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. దీన్నే ఇండెక్స్ అంటున్నాను. పెట్టెలో ఉన్న ప్రతి కాగితానికీ ఒక వరస: ఏమిటది, ఎవరి పేరు మీద, నంబరు, కంపెనీ లేదా బ్యాంకు బ్రాంచి, కట్టాల్సిన తేదీ, నామినీ ఎవరు. పిన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు ఇందులో రాయకూడదు. రాస్తూ కూర్చుంటే ఇంటి చరిత్రంతా బయటపడుతుంది. నాన్న సేవింగ్స్ ఖాతాకి నామినీ ఇప్పటికీ మా నాన్నమ్మే, ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు, మాకు ఉన్న ఒక్కరూ లేరు. అమ్మ పేరు మూడు కార్డుల్లో మూడు రకాలు. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఒకదాంట్లో పొడి అక్షరం, మూడోదాంట్లో లక్ష్మి చివర ఐ బదులు వై. ఎవరూ అడగనన్నాళ్ళూ అది చిన్న విషయమే. అడిగిన రోజు సచివాలయం చుట్టూ తిరగాలి. తీరిగ్గా ఉన్నప్పుడు సరిచేయించుకోవడం నయం.

దొరకని కాగితాల సంగతి. దెబ్బ తర్వాత నాన్నకి పాతవి బాగానే గుర్తున్నాయి గానీ, కొన్నిటి దగ్గర ఆగిపోయి "ఎక్కడో పెట్టాను రా" అంటారు. అలా అన్నప్పుడు ఆయన మొహం చూడలేం. నాన్నమ్మ ఊళ్ళో రెండు సెంట్ల స్థలం దస్తావేజు అందులో ఒకటి. రిజిస్టర్ అయిన దస్తావేజు పోతే అంతా పోయినట్టు కాదు. ఊరు, సర్వే నంబరు ఇచ్చి ఈసీ తీయిస్తే డాక్యుమెంటు నంబరు, సంవత్సరం తెలుస్తాయి. వాటితో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మేం అదే చేశాం. లోను దగ్గర మాత్రం బ్యాంకులు ఒరిజినలే అడుగుతాయి, కాబట్టి వెతకడం మానలేదు. మర్చిపోయిన బ్యాంకు ఖాతాల కోసం రిజర్వ్ బ్యాంకు వాళ్ళ ఉద్గమ్ పోర్టల్ ఉంది, 2023లో మొదలైంది. పదేళ్ళు ఎవరూ ముట్టని ఖాతాలో డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది, అయినా మన బ్యాంకుని అడిగి వెనక్కి తెచ్చుకోవచ్చు. నాన్న పేరు కొట్టి చూశాను, ఏమీ రాలేదు. అమ్మ కాస్త నిరాశపడింది.

"ఇదంతా ఎందుకురా, డిజీలాకర్ ఉందిగా" అని మా రూమ్మేట్ అన్నాడు. ఉంది, వాడాలి కూడా. కాకపోతే అందులో రెండు అరలున్నాయి. సంస్థ నేరుగా పంపిన ఇష్యూడ్ డాక్యుమెంట్లు ఐటీ చట్టం కింద వచ్చిన రూల్స్ ప్రకారం ఒరిజినల్‌తో సమానం. మనం ఫోటో తీసి ఎక్కించినవి ఉత్త ఫోటోలే. చాలామంది అన్నీ ఎక్కించేసి నిశ్చింతగా ఉంటారు. పైగా అది తెరవడానికి నాన్న ఫోన్‌కి ఓటీపీ రావాలి, ఆ ఫోన్ రోడ్డు మీద పగిలి ఉంటే ఏం చేస్తాం? కాగితం మీద ఇండెక్స్ ఉండాలని నేను పట్టుబట్టింది అందుకే.

ఇంకో మాట, మందుల షాపు బిల్లుల గురించి. అవి థర్మల్ కాగితం, ఇంకు ఉండదు, వేడి తగిలితే రంగు మారే పూత ఉంటుంది. మేం కట్టిన డబ్బు తర్వాత క్లెయిమ్ చేసుకోవడానికి డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు అన్నీ కావాలన్నారు. నేనేమో బిల్లుల కట్టని మే నెల ఎండలో బండి డిక్కీలో ఉంచాను. రెండు బిల్లులు నల్లబడిపోయాయి, వాటి డబ్బు రాలేదు. ఇది నా తప్పే. థర్మల్ బిల్లు చేతికొచ్చిన రోజే జిరాక్స్ తీసి అసలుతో కలిపి పిన్ను కొట్టండి.

కవర్లు, పెట్టె సరే, కూర్చుని ఈ పని చెయ్యడానికి చోటేది? మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఇంటర్నెట్‌లో కనిపించే తెల్ల టేబుళ్ళు, మొక్కలు, చక్రాల కుర్చీలు మనకి కుదిరేవి కావు. అమ్మ కుట్టుమిషన్ ఉంది, కాలితో తొక్కేది. తల లోపలికి మడిచి చెక్క మూస్తే చదునైన బల్ల. టేపు పెట్టి కొలిస్తే 30 అంగుళాలు, మామూలు రైటింగ్ టేబుల్ ఎత్తే. కింద తొక్కుడు పలక మీద కాళ్ళు పెట్టుకోవచ్చు, కుర్చీలో కాళ్ళు నేలకి ఆనని చెల్లికి అది వరం. కాకపోతే చదువుతూ చదువుతూ తొక్కేస్తుంది, చక్రం తిరుగుతుంది. బెల్టు తీసేశాం.

మిషన్‌ని కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా తిప్పాం. కిటికీ వెనకుంటే వెలుగు స్క్రీన్ మీద పడి ఏమీ కనిపించదు, ఎదురుగా ఉంటే కళ్ళు జిగేలుమంటాయి. రాత్రికి లైటు ఎడమ పక్క, కుడిచేత్తో రాసేవాళ్ళకి నీడ పడకుండా. ల్యాప్‌టాప్ పై అంచు కంటి ఎత్తుకి దగ్గరగా ఉండాలంటారు. నాది గ్రేవాల్ మ్యాథ్స్ పుస్తకం మీద పెట్టాను, సప్లీ రాశాక ఆ పుస్తకానికి దొరికిన మొదటి సుఖమైన ఉద్యోగం ఇది. అలా ఎత్తు పెంచితే విడిగా కీబోర్డు కావాలి, లేకపోతే భుజాలు లాగేస్తాయి.

అమ్మకి జాకెట్లు కుట్టే పని వచ్చినప్పుడు బల్ల ఖాళీ చెయ్యాలి. మొదట విసుగొచ్చేది. కానీ అందువల్లే బల్ల మీద ఏ కాగితమూ రాత్రి నిద్రపోదు. వచ్చింది వచ్చినట్టు కవర్లోకో, పెట్టెలోకో వెళ్ళాల్సిందే. మనకంటూ పెద్ద టేబుల్ ఉంటే దాని మీద ఈపాటికి ఇంకో అటక తయారయ్యేది.

ఇదంతా పనిచేస్తోందో లేదో తెలియాలంటే టెస్టింగ్ చెయ్యాలి. సర్దినవాడే వెతికితే అది టెస్ట్ కాదు. హాస్టల్‌కి వచ్చాక అప్పుడప్పుడూ ఇంటికి ఫోన్ చేసి ఏదో ఒక కాగితం ఫోటో పంపమంటాను, వాచీ చూసుకుంటాను. చెల్లి నా ఇంటర్ మెమో ఒక నిమిషం 40 సెకన్లలో పంపింది. అమ్మకి ఈసీ కాపీకి మూడు నిమిషాలు పట్టింది, పెట్టె మీద ఇస్త్రీ బట్టలున్నాయట.

పోయిన ఆదివారం ఫోన్ నాన్న ఎత్తారు. ఇన్సూరెన్స్ కార్డు నంబరు చెప్పు నాన్నా అన్నాను. నోట్‌బుక్ పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. కళ్ళజోడు కోసం ఆగారు. ఆరు నిమిషాలకి నంబరు మొత్తం చదివారు, రెండుసార్లు.

"కుక్కర్ వారంటీ కూడా రాశాను రా ఇందులో" అన్నారు. "అది నువ్వు మర్చిపోయావు."