మీటల సెల్‌ఫోను: దాని అమరిక, వాడుక

దూరముననున్న వారితో మాటలాడవలెనన్న కోరిక మనుష్యునకు అనాదిగా కలదు. 1973వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన న్యూయార్కు నగర వీధిలో నిలిచి, తీగతో పనిలేని చేతిఫోనుతో మార్టిన్ కూపర్ అను ఇంజనీరు మాటలాడెను. మన దేశమున 1995 జులై 31న కలకత్తానుండి పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోనులో సంభాషించుటతో ఈ సేవ ఆరంభమయ్యెను. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణము పొందుచుండిన దినములలో ఇంటి కుశలము తెలిసికొనుటకు ఎస్.టి.డి. బూతువద్ద వరుసలో నిలుచుండుట పరిపాటి. నేడు హోసూరు, డెంకణీకోట ప్రాంతములలో సెల్లులేని యిల్లు అరుదు.

అయినను ఒక లోపము కనబడుచున్నది. తాకుడు తెర గల పెద్ద ఫోను సంపాదనకు పోవువారి వెంట పోవును. ఇంటిపట్టున నుండు అవ్వకు, తాతకు మీటల ఫోను మిగులును. అది మ్రోగినపుడు పచ్చమీట నొక్కుట తప్ప వారికి తక్కిన పని తెలియదు. నంబరు కలుపుటకు ఒకరు, వచ్చిన సందేశము చదువుటకు మరియొకరు కావలెను. అర్ధరాత్రి ఆయాసము వచ్చినచో ఎవరిని లేపుదురు? బ్యాంకు సందేశమును దారినపోవువానికి చూపినచో ఆ సొమ్మునకు రక్షణ యేది? చదువు నేర్చిన పిల్లలు ఇంట నుండగా పెద్దలు ఇట్లు పరాధీనులై యుండరాదు. కావున ఈ పాఠము వ్రాయుచున్నాము. పిల్లలు దీనిని తమ కొరకు గాక, ఇంటి పెద్దలకు నేర్పుటకై చదువవలెనని మా కోరిక.

1. సెల్ అనగా నేమి?

ఫోను సంస్థవారు ప్రదేశమునంతటిని చిన్న చిన్న గదులుగా భావించి, గది కొక టవరు చొప్పున నిలుపుదురు. ఆ గదికే ఆంగ్లమున సెల్ అని పేరు. మన ఫోను దగ్గరి టవరుతో రేడియో తరంగముల ద్వారా మాటలాడును. బస్సు సూళగిరినుండి హోసూరునకు పోవుచుండగా ఒక టవరు మనలను మరియొక టవరునకు అప్పగించును, మాట తెగదు. టవరు దూరమైనకొలది ఫోను ఎక్కువ బలముతో తరంగములను పంపవలసి వచ్చును. అందుచేతనే సిగ్నలు తక్కువగానున్న పల్లెలో బ్యాటరీ త్వరగా తరిగిపోవును.

2. కొనునపుడు

మీటల ఫోనులలో రెండు రకములు కలవు. కొన్ని 2జి పద్ధతిలో మాత్రమే పనిచేయును. కొన్ని 4జి పద్ధతిలోను పనిచేయును. జియో సంస్థ 2016లో 4జి పద్ధతితోనే సేవలు ప్రారంభించినది. కావున వట్టి 2జి ఫోనులో ఆ సంస్థ సిమ్ము పనిచేయదు. ఫోను కొనుటకు ముందే మన సిమ్ము ఏ సంస్థదో, మన ఊరిలో ఏ సిగ్నలు కలదో అంగడివానితో చెప్పి, దానికి తగినది అడుగవలెను.

బిల్లు తప్పక పుచ్చుకొనుడు. ప్రతి ఫోనునకు 15 అంకెల గుర్తింపు సంఖ్య కలదు. దానిని ఐ.ఎమ్.ఇ.ఐ. అందురు. *#06# అని నొక్కినచో అది తెరపై కనబడును. రెండు సిమ్ములు పట్టు ఫోనునకు రెండు సంఖ్యలుండును. వీనిని బిల్లు వెనుక వ్రాసి ఇంట భద్రపరచవలెను.

3. సిమ్ము, బ్యాటరీ

సిమ్ము అనునది మన నంబరును సంస్థ గుర్తుపట్టుటకైన చిన్న బిళ్ళ. పదునెనిమిదేండ్లు నిండని వారికి దీనిని ఇయ్యరు. కావున పెద్దవారే స్వయముగా ఆధారు కార్డుతో పోయి తమ పేరిట తీసికొనవలెను. ఇతరుల పేరిటనున్న సిమ్ము వాడుట కీడునకు మూలము.

సిమ్ము మూడు కొలతలలో వచ్చును. మీటల ఫోనులు పెక్కింటికి పెద్ద కొలతయే కావలెను. నేటి సిమ్ము కార్డు మూడు కొలతలకును విరుపుగీతలు కలిగియుండును. ఫోను గూటిని చూడకయే చిన్నదిగా విరిచినచో అది వదులై లోపల చిక్కుకొనును. మొదట ఫోనును ఆపి, వెనుక మూత తీసి, బ్యాటరీని తొలగింపుము. బంగారు రంగు ముఖము క్రిందికి, కత్తిరించిన మూల గూటిపై గీసిన బొమ్మవైపు నుండునట్లు సిమ్మును జరుపుము. పిమ్మట బ్యాటరీలోని లోహపు చుక్కలు ఫోనులోని ముల్లులకు తగులునట్లు ఉంచి మూత వేయుము.

తొలిసారి ఎనిమిది గంటలు చార్జి చేయవలెనని కొందరు చెప్పుదురు. అది పాతకాలపు బ్యాటరీల మాట. నేటి లిథియం బ్యాటరీకి ఆ నియమము లేదు. నిండిన తరువాత తీసివేయుటయే మేలు. బ్యాటరీ ఉబ్బినచో దానిని వాడనే కూడదు. చార్జి అగుచుండగా మాటలాడుటయు మంచిది కాదు.

ఎర్రమీటను కొంతసేపు అదిమి పట్టినచో ఫోను వెలుగును. సిమ్మునకు నాలుగంకెల రహస్యసంఖ్య, అనగా పిన్, పెట్టియుండినచో దానిని అడుగును. మూడుమార్లు తప్పు కొట్టినచో సిమ్ము బిగిసిపోవును. దానిని విడిపించుటకు ఎనిమిదంకెల పి.యు.కె. సంఖ్య కావలెను. అది సిమ్ముతో వచ్చిన కార్డుపై నుండును. లేనిచో సంస్థవారిని అడుగవలెను. దానినిగూడ పదిమార్లు తప్పు కొట్టినచో ఆ సిమ్ము శాశ్వతముగా చెడును. కావున ఊహించి కొట్టరాదు.

4. భాషను ఎంచుకొనుట

ఇది మన వంటి వారికి ముఖ్యమైన ఘట్టము. మన దేశమున అమ్మబడు ఫోనులన్నియు 22 భారతీయ భాషల అక్షరములను చూపగలిగి యుండవలెననియు, ఆంగ్లము, హిందీ, వీనితోపాటు మరియొక భారతీయ భాషలో వ్రాయుటకు వీలుండవలెననియు కేంద్ర ప్రభుత్వము 2016లో ఉత్తరువు చేసినది. ఆ మూడవ భాష యేదన్నది తయారుచేయువాని యిష్టము. కావున తెలుగు సందేశము చదువుటకు వీలున్నను, తెలుగున వ్రాయుటకు వీలున్నదో లేదో అంగడిలోనే పరీక్షింపవలెను. ఇది అడుగుటకు సంకోచమేల? అడుగువారు లేనిచో అమ్మువారికి అవసరము తెలియదు.

మెనూలో పనిముట్టు చక్రపు బొమ్మ గల సెట్టింగులు అను భాగమును తెరచి, అందు భాష అను దానిని ఎంచుకొనవలెను. మార్చుటకు ముందు ఒక జాగ్రత్త: ఎన్నవ వరుసను, ఎన్నవ పంక్తిని నొక్కితిమో కాగితముపై వ్రాసికొనుడు. పొరపాటున తెలియని భాష వచ్చినను, ఆ లెక్క ప్రకారము వెనుకకు రావచ్చును. అచ్చటనే తేదీని, గంటను సరిచేసి, వేకువ చదువునకు అలారము పెట్టుకొనవచ్చును.

5. పేర్లు వ్రాసికొనుట

ఆంగ్లాక్షరములు 2 మొదలు 9 వరకు గల మీటలపై పంచబడియున్నవి. 2 మీటపై ఏ, బి, సి. 8 మీటపై టి, యు, వి. మొదటి అక్షరమునకు ఒకమారు, మూడవదానికి మూడుమార్లు నొక్కవలెను. అవ్వ అని ఆంగ్లాక్షరములతో వ్రాయునపుడు 2ను ఒకమారు, 8ని మూడుమార్లు నొక్కి, క్షణకాలము ఆగి, మరల 8ని మూడుమార్లు, తుదకు 2ను ఒకమారు నొక్కవలెను. నడుమ ఆగనిచో రెండవ వి రాక మొదటి అక్షరమే మారిపోవును. తెలుగక్షరముల పంపకము సంస్థనుబట్టి మారును; ఏ మీటపై ఏ వర్ణములు వచ్చుచున్నవో చూచి నోటుపుస్తకమున పటము గీసికొనుడు.

పేర్లను సిమ్ములోగాని ఫోనులోగాని దాచవచ్చును. సిమ్ములో దాచినవి సిమ్ముతో కూడ క్రొత్త ఫోనునకు వచ్చును. ఫోనులో దాచినవి రావు. అయితే సిమ్ములో పొట్టిపేర్లే పట్టును. నంబరునకు ముందు +91 చేర్చుట మంచి అలవాటు. 0 మీటను అదిమిపట్టినచో పెక్కు ఫోనులలో + గుర్తు వచ్చును. చదువురాని పెద్దలకు శీఘ్ర డయలు ఏర్పాటు చేయుడు. అప్పుడు 2ను అదిమిపట్టినచో కొడుకునకు, 3ను అదిమిపట్టినచో కూతునకు ఫోను పోవును. పేరు చదువలేని అవ్వయు అంకె స్థానము గుర్తుంచుకొనగలదు.

6. తెలుగున సందేశము

ఆంగ్లమున ఒక సందేశమునకు 160 అక్షరములు పట్టును. తెలుగున 70 మాత్రమే పట్టును. కారణమేమన, ఆంగ్లాక్షరమునకు 7 బిట్లు చాలును. మన లిపి గుర్తునకు 16 బిట్లు కావలెను. ఇక్కడ లెక్కించునది మనము కంటితో చూచు అక్షరమును గాదు. గుణింతము, పొల్లు, సున్న ఒక్కొక్కటి వేరువేరుగా లెక్కకు వచ్చును. అమ్మ అను మాటలో అ, మ, పొల్లు, మ కలిసి నాలుగు. స్త్రీ అను ఒక్క అక్షరమున స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము కలిసి ఆరు. మాటల నడుమ ఖాళీయు ఒకటి. 70 దాటినచో ఫోను దానిని రెండు సందేశములుగా విభజించి పంపును. కావున క్లుప్తముగా వ్రాయుట నేర్చుకొనుడు. ఇందువలన భాషకు లోపము లేదు. పొదుపైన వాక్యము వ్రాయుట కూడ విద్యయే.

7. రీచార్జి

మీటల ఫోనునకు ఇంటర్నెట్టు డేటాతో సాధారణముగా పనిలేదు. మాట, సందేశముల కొరకు మాత్రమే వేరుగా పథకములు ఉండవలెనని ట్రాయ్ సంస్థ 2024 డిసెంబరులో నిబంధన చేసినది. అంగడిలో డేటాలేని పథకము అని స్పష్టముగా అడుగుడు. వాడని వస్తువునకు వెల యిచ్చుట యేల? గడువు తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తువేయుడు. మూడు నెలలు ఏమాత్రము వాడని నంబరును సంస్థ రద్దుచేసి మరియొకరికి ఇయ్యవచ్చును. ఆ నంబరు బ్యాంకు ఖాతాకు చేర్చియున్నచో చిక్కు పెద్దది.

8. ఆపదలో

పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయములు మూడింటికిని 112, అంబులెన్సునకు 108, పిల్లల సహాయమునకు 1098, స్త్రీల సహాయమునకు 181. మీటల ఫోనులలో 5 గాని 9 గాని అదిమిపట్టినచో ఆపద పిలుపు పోవు ఏర్పాటు ఉండవలెనని 2016లో ఉత్తరువు కలిగినది. మీ ఫోనులో ఏ మీటకు ఆ పని కలదో దానితో వచ్చిన చిరుపుస్తకమున చూడుడు. పరీక్షకై ఊరక నొక్కరాదు. నిజముగా ప్రాణాపాయములో నున్నవాని పిలుపునకు అది అడ్డము. పిలుపు అందినపుడు మొదట చెప్పవలసినది ఊరి పేరు, తాలూకా, గుర్తుగానుండు గుడియో బడియో. మూడు రాష్ట్రముల పొలిమేరలు దగ్గరగానున్న మన తావున ఫోను పొరుగు రాష్ట్రపు టవరును పట్టుటయు కలదు. కావున జిల్లా పేరుకూడ చెప్పవలెను. పెద్దలకు తమ చిరునామాను తమిళమునను చెప్పుట అలవాటు చేయుడు. మాతృభాషను ప్రేమించువాడు ఇరుగుపొరుగు భాషను తిరస్కరింపడు.

9. మోసముల విషయము

బ్యాంకునుండి మాటలాడుచున్నామని చెప్పి, సందేశములో వచ్చిన సంఖ్యను, అనగా ఓ.టి.పి.ని, అడుగువారు కలరు. ఏ బ్యాంకును ఫోనులో దానిని అడుగదు. ఆ సంఖ్య ఇంటి తాళపు చెవి వంటిది. అడిగినవాడు తెలుగున ఎంత తీయగా మాటలాడినను ఇయ్యకూడదు. మనవాడే యను భ్రమ కలిగించుటకే వాడు మన భాష నెంచుకొనును. తెలియనివారు చెప్పిన నక్షత్రపు గుర్తు సంఖ్యలను నొక్కరాదు. డబ్బు పోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరునకు చెప్పవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును.

ఫోను పోయినచో మొదట సంస్థకు తెలిపి సిమ్మును ఆపించి, పోలీసులకు ఫిర్యాదు వ్రాసి యిచ్చి, అదే నంబరుతో మారుసిమ్ము పుచ్చుకొనవలెను. 2023లో ఆరంభమైన ప్రభుత్వపు సంచార్ సాథీ ద్వారా ఆ ఫోనును ఏ సిమ్ముతోను పనిచేయకుండ చేయింపవచ్చును. బిల్లు వెనుక వ్రాసిన 15 అంకెలు అప్పుడు అక్కరకు వచ్చును.

తల్లిదండ్రులకు విన్నపము

పిల్లలు నేర్పునపుడు విసుగుకొనక నేర్చుకొనుడు. పిల్లలారా, అవ్వ చేతిలోని ఫోను లాగికొని మీరే నొక్కి యిచ్చుట నేర్పుట కాదు. ఫోను ఆమె చేతనే యుంచి, వ్రేలితో చూపి, ఆమెచే పదిమార్లు నొక్కింపుడు. ఒకదినమునకు ఒక పని చాలును. పలకపై అక్షరము దిద్దించిన రీతినే ఇదియు.

అభ్యాసము

(1) మీ ఇంటి ఫోను 15 అంకెల సంఖ్యను కనుగొని బిల్లుపై వ్రాయుము. దానిని పరులకు చూపకుము.
(2) "బడి ఉంది" అను సందేశములో ఎన్ని గుర్తులు లెక్కకు వచ్చును? (జవాబు: 8.) "సంత నుండి వచ్చితిమి" అను దానిని నీవు లెక్కింపుము.
(3) మీ ఫోనులో తెలుగు వ్రాయు వీలున్నచో మీటల పటము గీయుము. లేనిచో ఫోను పేరు, రకము వ్రాసి తెమ్ము. ఏ ఫోనులలో మన లిపి కలదో తరగతిలో పట్టిక వ్రాసి ఊరివారికి చూపుదము.
(4) వారము దినములలో ఇంటి పెద్ద ఒకరు, ఎవరి సాయమును లేక, పాఠశాల ముగిసిన వేళ నీకు గాని బంధువునకు గాని ఫోను చేయునట్లు నేర్పుము. ఈ ప్రశ్నకు మార్కులు వేయవలసినది మేము కాదు, ఆ పెద్దవారే.