గురిసాధనకు చిన్న రైఫిలు: ఎంపికలో తెలియవలసిన విషయాలు

ఎన్.సి.సి. శిబిరంలో నేలపై బోర్లా పరుండి, 25 గజాల దూరాన గల లక్ష్యంపై ఐదు తూటాలు కాల్చి వచ్చిన విద్యార్థికి ఆ అనుభవం ఒక పట్టాన మరపునకు రాదు. తిరిగి వచ్చిన తరువాత అతడు అడిగే మొదటి ప్రశ్న, "తక్కువ ఖర్చుతో సొంతంగా ఒక రైఫిలు కొని తీరిక వేళల్లో గురి అభ్యసించవచ్చునా?" అని. అభ్యసించవచ్చును. అయితే ఏది కొనవలెనో చూచుటకు ముందు ఏది కొనరాదో తెలియవలెను.

తెలుగువారి తుపాకి, ఉర్దూవారి బందూకు అను రెండు మాటలూ పశ్చిమాసియా భాషల దారినే మనకు వచ్చాయి. రైఫిలు అనే పేరుకు మాత్రం దాని నిర్మాణమే ఆధారం. గొట్టం లోపల మెలికలు తిరిగిన సన్నని గాడులు ఉంటాయి. వాటి వెంట సాగే గుండు బొంగరం వలె తిరుగుతూ బయటపడి, దారి తప్పక నిలకడగా పోతుంది. గొట్టం లోపలి వ్యాసమే బోరు. శిబిరంలో వాడే .22 రైఫిలు బోరు అంగుళంలో నూటికి 22 వంతులు, అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు. గాలి రైఫిలుకు సాధారణంగా .177 అంగుళం, అనగా 4.5 మిల్లీమీటర్లు.

అమెరికా వంటి దేశాలలో చవకగా గురి నేర్వదలచినవారికి .22 రైఫిలునే సూచిస్తారు. ఆ సలహా మనకు వర్తించదు. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం .22 రైఫిలుకు లైసెన్సు తప్పనిసరి. 21 సంవత్సరాలు నిండనివారికి అది లభించదు. తూటాల కొనుగోలు సైతం లైసెన్సు పరిమితికి లోబడినదే. పైగా ఆ తూటా ఒక మైలుకు పైగా పోగలదు. కావున దానికి కట్టుదిట్టమైన ఫైరింగు రేంజి ఉండవలెనే గాని, పొలంగట్టు గాని మేడమీది ఖాళీ స్థలం గాని పనికిరాదు. .22 పై మక్కువ గల విద్యార్థి ఎన్.సి.సి. ద్వారానో, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు ద్వారానో పర్యవేక్షణలో కాల్చుట మేలు.

మిగిలినది గాలి రైఫిలు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించని గాలి రైఫిలుకు లైసెన్సు అక్కరలేదు. వయస్సు, గుర్తింపు, చిరునామాలను తెలిపే పత్రాలు చూపి కొనవలెను. గాలి రైఫిలు అనగానే నుమాయిష్‌లో బుడగలు కాల్చే ఆటవస్తువు కండ్లకు కట్టి కొందరు చిన్నచూపు చూస్తారు. కాని 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచినది 10 మీటర్ల గాలి రైఫిలు పోటీలోనే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం పొందినదీ ఆ పోటీలోనే. ఆ లక్ష్యంలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే; ఈ వాక్యం చివరి బిందువుకు అది పెద్ద ఎక్కువ కాదు.

దుకాణంలో మొదట వినబడేది వేగం గురించిన ప్రగల్భం. "ఇది సెకనుకు ఇన్ని అడుగులు కొట్టును" అని అమ్మకందారు ఊరిస్తాడు. ఇక్కడ భౌతికశాస్త్ర విద్యార్థి తన పాఠాన్ని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సాధారణ సీసపు పెల్లెట్టు బరువు సుమారు 0.53 గ్రాములు. ఒలింపిక్ పోటీ రైఫిలు దానిని సెకనుకు సుమారు 175 మీటర్ల వేగంతో పంపుతుంది. ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించి సగం చేయగా గతిశక్తి 8 జౌళ్లు. చట్టం అనుమతించే 20 జౌళ్లలో ఇది సగం కూడ కాదు! 10 మీటర్లు దాటుటకు ఆ పెల్లెట్టుకు సెకనులో నూటికి ఆరు వంతుల కాలం చాలదా? ఆ వ్యవధిలో భూమ్యాకర్షణ వలన అది దిగేది ఒకటిన్నర సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ. ఈ దిగుడు ప్రతిసారీ ఒకటే గనుక సైటును ఒకమారు సవరిస్తే చాలును. అధిక వేగానికి బలమైన స్ప్రింగు కావలెను. బలమైన స్ప్రింగుకు ఎక్కువ కుదుపు, ఎక్కువ శ్రమ. ఇరవై మార్లు గొట్టం వంచి స్ప్రింగు బిగించేసరికి చేయి వణుకుతుంటే ఇక గురి ఎక్కడిది? కావున మధ్యరకం శక్తి గలదే కొనదగినది.

ముందుగా గాలి నింపుకొనే రైఫిళ్లు ఉన్నాయి. కుదుపు దాదాపు ఉండదు, గురి అద్భుతం. నేటి పోటీ రైఫిళ్లన్నీ ఆ కోవలోనివే. అయితే వాటికి గాలి సిలిండరో, ప్రత్యేకమైన పంపో కూడ కొనవలెను. అల్పవ్యయం కోరేవారు వాటిని చూచి ఆనందించి స్ప్రింగు రైఫిలు వైపునకు మరలవలెను.

స్ప్రింగు రైఫిలులో ఒక విచిత్రం ఉన్నది. మీట నొక్కగానే లోపలి పిస్టను ముందుకు దూకుతుంది, రైఫిలు వెనుకకు తన్నుతుంది. పిస్టను చివరకు చేరి ఆగగానే రైఫిలు ముందుకు ఊగుతుంది. ఈ రెండు కుదుపులూ పెల్లెట్టు గొట్టం వీడక ముందే మొదలవుతాయి. అందువలన దీనిని బిగించి పట్టరాదు. ఎడమ అరచేతిపై మెత్తగా ఆనించి, ప్రతిమారు ఒకే తీరున ఊగనీయవలెను. చవకరకం దుర్భిణి సైట్లు ఈ ఎదురుకుదుపుకే చెడిపోతాయి. ప్రారంభకులకు ముందు ముల్లు, వెనుక గాడి గల సైట్లే చాలును; వెనుక చిన్న రంధ్రం గల సైటు దొరికితే మరీ మంచిది.

ఎంపికలో రైఫిలును భుజానికి ఆన్చి చూడవలెను. బట్టు చివరను మోచేతి మడతలో ఉంచితే చూపుడువేలి మొదటి కణుపు మీటను అందుకొనవలెను. గొట్టాన్ని పక్కలకు కదిలించి చూడవలెను. మడత వద్ద వదులు కనబడితే ఆ రైఫిలు వద్దు. మీట సాఫీగా, ప్రతిమారు ఒకే బరువుతో కదలవలెను. పెల్లెట్టు లేకుండా ఒట్టిగా పేల్చి పరీక్షించరాదు. అడ్డుగాలి లేక పిస్టను గోడకు కొట్టుకొని పాడవుతుంది. వీలైతే రైఫిలును మెత్తని ఆనింపుపై ఉంచి 10 మీటర్ల దూరాన ఐదు పెల్లెట్లు కాల్చి చూడవలెను. ఐదు రంధ్రాలూ రూపాయి బిళ్ల చాటున దాగితే తీసుకొనవచ్చును, అవి మధ్య చుక్కకు ఎంత దూరాన ఉన్నా సరే.

ఖర్చు రైఫిలుతో తీరదు. రోజుకు 40 పెల్లెట్ల చొప్పున కాలిస్తే 500 పెల్లెట్ల డబ్బా పన్నెండు రోజులకు చాలును. కావున చేతనున్న సొమ్మంతా రైఫిలుకే వెచ్చించక, ఆరు మాసాల పెల్లెట్ల ధర ముందుగా తీసివేసి మిగిలినదానితో రైఫిలు కొనవలెను. చదునైన తల గల పెల్లెట్లు కాగితంపై గుండ్రని రంధ్రం చేస్తాయి, మార్కులు లెక్కించుట సులభం. అవి సీసంతో చేసినవి. నోట కరచి ఉంచుట ప్రమాదం. చేతులు సబ్బుతో కడుగక అన్నం ముట్టరాదు.

గోడను, రాతిని లక్ష్యానికి వెనుక ఉంచరాదు, పెల్లెట్టు ఎగిరి కంటికి తగులవచ్చును. చెక్కపెట్టెలో వెనుక మందమైన ఇనుప పలక అమర్చి, దాని ముందు పాత గుడ్డపీలికలు గట్టిగా కూర్చితే చవకైన అడ్డు సిద్ధం. కాల్చేవారికి రక్షణ కళ్లద్దాలు ఉండవలెను. పల్లెటూళ్లలో గాలి తుపాకి కొన్నవాని చూపు ముందుగా పిట్టలపై పడుట చూస్తున్నాము. అది గురిసాధన కాదు; 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ గల పక్షులను కొట్టుట శిక్షార్హమైన నేరం.

కళాశాల కార్యవర్గం వారికి ఒక మనవి. పదిమంది విద్యార్థులు పది రైఫిళ్లు కొనుటకంటె కళాశాలయే రెండు రైఫిళ్లు కొని, వ్యాయామాధ్యాపకుని వద్ద తాళంలో ఉంచి, పేర్ల పుస్తకంలో వ్రాసి ఇచ్చుట అందరికీ క్షేమం, పేద విద్యార్థికి లాభం. 10 మీటర్ల స్థలం అనగా ఒక పొడవైన హాలు మాత్రమే. కాల్చే సమయంలో లక్ష్యం వైపు తలుపు మూసివేసి ఎవరూ రాకుండ ఒకరిని నిలుపవలెను. ఆడపిల్లలకు వేరుగా ఒక పూట కేటాయిస్తే వారిలో చేరేవారు తప్పక ఉంటారు. కొనే రెండింటిలో ఒకటైనా ఇరువైపులా చెంపకు సరిపడే బట్టు గలదై ఉండవలెను. ఎడమచేతివాటం వారు ప్రతి తరగతిలోనూ ఉన్నారు.