పటిక ముక్కలో ఎలక్ట్రాన్ల లెక్క

కృష్ణలో కొత్తనీరు వచ్చిందంటే బిందెలోని బురదనీటిలో పటిక ముక్క తిప్పడం మన కొండపల్లి వైపు చాలా ఇళ్ళలో చూసిందే. కాసేపటికి మట్టి అడుగుకు చేరి, పైన నీరు తేరుకుంటుంది. ఆ ముక్కలో మన సైన్సు పాఠం ఒకటి దాగి ఉంది.

తమ్ముళ్ళూ, పదో తరగతిలో నేను పోగొట్టుకున్న మార్కుల్లో ఒకటి ఈ పాఠంలోదే. అల్యూమినియం అయాన్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు అని అడిగితే, 3+ గుర్తు చూసి 13కు 3 కలిపి 16 అని రాశాను. ప్లస్ అంటే కలపడమే కదా అనుకున్నాను! మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఈ వ్యాసం.

ఎలక్ట్రాన్‌కు ఋణావేశం ఉంటుంది. అది పోతేనే పరమాణువుకు ధనావేశం వస్తుంది. కనుక అయాన్‌పై ప్లస్ ఉంటే తీసివేయాలి, మైనస్ ఉంటే కలపాలి. ప్రోటాన్ల సంఖ్య మాత్రం మారదు.

చిట్టచివరి కక్ష్యలోని ఎలక్ట్రాన్లే వేలన్సీ ఎలక్ట్రాన్లు. మొదటి 20 మూలకాలకు కక్ష్యలను వరుసగా 2, 8, 8, 2 వరకు నింపితే చాలు. ఇక పటికలోని మూడు అయాన్లను చూద్దాం.

1. అల్యూమినియం (13): 2, 8, 3. వేలన్సీ ఎలక్ట్రాన్లు 3. అవి పోతే మిగిలేవి 10, అంటే 2, 8. ఇక్కడే జాగ్రత్త! మూడో కక్ష్య ఖాళీ అయింది, ఇప్పుడు బయట ఉన్నది రెండో కక్ష్య. అయాన్ బాహ్య కక్ష్యలో ఎన్ని అంటే 8, మూడో కక్ష్యలో ఎన్ని అంటే సున్న.

2. పొటాషియం (19): 2, 8, 8, 1. ఒకటి పోతే 2, 8, 8.

3. సల్ఫేట్ (2-): ఇది పరమాణువుల గుంపు. సల్ఫర్‌కు 6, నాలుగు ఆక్సిజన్లకు 4 × 6 = 24, ఆవేశం వల్ల మరో 2. మొత్తం వేలన్సీ ఎలక్ట్రాన్లు 32.

సరిచూద్దాం. పొటాషియం 1, అల్యూమినియం 3 పోగొట్టుకున్నాయి, మొత్తం 4. రెండు సల్ఫేట్ల దగ్గర అదనంగా ఉన్నవి 2 × 2 = 4. లెక్క సరిపోయింది.

మరి నీరు ఎందుకు తేరుకుంటుంది? బురదలోని సన్నని మట్టి రేణువులపై ఋణావేశం ఉంటుంది. అందుకే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. 3+ ఆవేశమున్న అల్యూమినియం అయాన్లు ఆ ఋణావేశాన్ని తగ్గిస్తాయి. నీటితో కలిసి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఆ రేణువులను ముద్దకట్టించి అడుగుకు దించుతుంది. నేను రాసిన 16 నిజమైతే ఆ అయాన్‌పై 3- ఉండేది. బురద బురదగానే మిగిలేది!

సాధన: కాల్షియం అయాన్ (2+), క్లోరైడ్ అయాన్ (1-)లలో మొత్తం ఎలక్ట్రాన్లు ఎన్ని? అమ్మోనియం అయాన్‌ (1+)లో వేలన్సీ ఎలక్ట్రాన్లు ఎన్ని?

జవాబులు: 18, 18. అమ్మోనియంలో 5 + 4 - 1 = 8.

ముందు పెన్సిలు పట్టి చేయండి, ఆ తర్వాతే జవాబు చూడండి. పరీక్షల్లో అందరికీ విజయం కలగాలని కోరుకుంటూ, మీ అన్నయ్య.