చిగుళ్లలో కాపలావాళ్లను చంపే క్రిమి

పళ్లు తోముకునేటప్పుడు నెత్తురు కనబడితే మన హాస్టళ్లలో వినబడే మాట ఒకటే: "వేడి చేసిందిరా, మజ్జిగ తాగు." మన ఐనవిల్లి ఏకదంతుడి ఊరు కాబట్టి ఒక పన్ను పోయినా ఫరవాలేదనే హాస్యం కూడా ఉంది. కానీ మిత్రులారా, ఆ నెత్తురు వెనుక ఉన్న కథ వేరు.

పంటి మీద పేరుకునే పాచిలో వందల రకాల బాక్టీరియా ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచడానికి రక్తంలోని తెల్లకణాలు చిగురులోకి దిగి కాపలా కాస్తాయి. కొందరి పాచిలో అగ్రిగేటిబాక్టర్ ఆక్టినోమైసెటెమ్‌కోమిటాన్స్ అనే బాక్టీరియా చేరుతుంది. (ఈ పేరు పలకడానికే పళ్లు గట్టిగా ఉండాలి!) ఇది ల్యూకోటాక్సిన్ అనే విషాన్ని విడుదల చేస్తుంది.

తెల్లకణం రక్తనాళం గోడను పట్టుకుని బయటికి రావడానికి ఎల్‌ఎఫ్‌ఏ-1 అనే ప్రోటీన్‌ను చెయ్యిలా వాడుకుంటుంది. విషం సరిగ్గా ఆ చేతినే పట్టుకుంటుంది. కణం పొరకు చిల్లులు పడతాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం పగిలితే, క్రిముల కోసం దాచుకున్న ఎంజైములు బయటపడి మన చిగురునే తింటాయి. మాక్రోఫేజ్ చావు మరో రకం. దాని లోపల కాస్పేస్-1 అనే ఎంజైము మేల్కొంటుంది. కణం ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను గుమ్మరించి చస్తుంది. ఆ రసాయనం ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడుతుంది. చస్తూ చస్తూ మన కాపలావాడే ఇంటిగోడ పడగొడుతున్నాడన్నమాట.

ఇది ముసలివాళ్ల జబ్బే అనుకోవద్దు. దీనిలో ఒక రకం సరిగ్గా మన హాస్టల్ వయసులోనే, మొదటి దవడపళ్ల దగ్గర, ముందుపళ్ల దగ్గర మొదలవుతుంది. నొప్పి పెద్దగా ఉండదు, అదే దీనితో చిక్కు. మొరాకో బడిపిల్లలను రెండేళ్లు గమనించిన అధ్యయనం 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. విషాన్ని ఎక్కువగా తయారుచేసే జెపి2 అనే రకం ఒక్కటే ఉన్న పిల్లలకు జబ్బు వచ్చే ప్రమాదం, ఈ బాక్టీరియా లేనివారికంటే 18 రెట్లు.

మందు సంగతికి వస్తే మనవాడి పేరు చెప్పుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపించిన రోజుల్లో, 1948లో, ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్లలో అదే మొదటిది. ఆ కుటుంబపు మందులను చిగుళ్ల జబ్బుకూ వాడారు. అయితే కొట్లో కొనుక్కుని మింగితే లాభం లేదు. గార తీయకపోతే మందు పాచి పొర లోపలికి సరిగా చేరదు. కచ్చికతో ఎంత రుద్దినా చిగురు కింది గార రాదు, పళ్ల డాక్టరు తీయాల్సిందే. గార తీయిస్తే పళ్లు వదులవుతాయని పెద్దలు భయపెడతారు గానీ, అప్పటికే ఎముక పోయి కదులుతున్న పంటిని ఇన్నాళ్లూ పట్టి ఉంచినట్టు కనిపించింది ఆ గారే.