డోలో మానేసి జనరిక్ వేసుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు ఒళ్లునొప్పులకు డోలో తప్ప మరొకటి ముట్టరు. జన ఔషధి కేంద్రంలో దొరికే చవక బిళ్ల అంతే పనిచేస్తుందా?

జవాబు: పనిచేస్తుంది. డోలో 650, కాల్‌పాల్, క్రోసిన్ పేర్లు వేరైనా వాటిలోని మందు ఒక్కటే, పారాసెటమాల్. రేపర్ మీద ఆ పేరు పక్కన 'ఐ.పి.' అని ఉంటే ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణాలు వర్తిస్తాయని అర్థం. బిళ్లలో మందు ఎంత ఉండాలో, ఎలా కరగాలో చెప్పే ఆ నియమాలు బ్రాండుకైనా జనరిక్‌కైనా ఒకటే.

తేడా ఉండేది బైండర్లు, పూత, రంగుల్లో. త్వరగా కరిగేలా తయారుచేసిన క్రోసిన్ అడ్వాన్స్ లాంటివీ ఉన్నాయి. మామూలు తలనొప్పికి, జ్వరానికి ఆ కాస్త వేగం కోసం ఎక్కువ ఖర్చు పెట్టనక్కర్లేదు. అయితే పారాసెటమాల్‌కు ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించింది కాబట్టి ఇక్కడ మిగిలేది కొద్ది రూపాయలే. రోజూ వేసుకునే బీపీ, షుగరు మందుల్లో ఆదా చాలా ఎక్కువ.

నాన్నగారి విషయంలో బ్రాండు కన్నా మోతాదు ముఖ్యం. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. ఆరు 650 బిళ్లలతోనే 3.9 గ్రాములవుతుంది. కాలేయ జబ్బు, మద్యం అలవాటు ఉంటే ఇంకా తగ్గించాలి, ఎంతన్నది డాక్టరే చెప్పాలి. కాంబిఫ్లామ్‌లో ఇబుప్రొఫెన్‌తో పాటు 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటుంది. చాలా జలుబు బిళ్లల్లోనూ అది ఉంటుంది. డోలోతో కలిపి వేసుకుంటే తెలియకుండానే మోతాదు పెరిగిపోతుంది.

వానాకాలంలో జ్వరమొస్తే, డెంగీ కాదని తేలేదాకా ఇబుప్రొఫెన్ ఉన్న ఏ బిళ్లా వేయకండి. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.