విత్తనపత్తి చేలలోని పిల్లలు

పఠనభాగము: యాకోబు 5:1–6



చేను కోసినవారికి అందక పోయిన కూలిని గూర్చి యాకోబు ఈ భాగములో వ్రాయుచున్నాడు. ఆ కూలి ఎవరి చేతిలో నిలిచిపోవుచున్నదో ఈ మాసము విచారింతము. దూరదేశపు దృష్టాంతము మనకక్కరలేదు. కర్నూలు, అప్పటి మహబూబునగరు జిల్లాల విత్తనపత్తి చేలు మనమెరిగినవే.

సంకర పత్తివిత్తనము దానంతట అది పుట్టదు. సాయంకాలము ఒక్కొక్క మొగ్గను విప్పి కేసరములను తీసివేయవలెను. మరునాటి ఉదయము మగపువ్వును తెచ్చి రాయవలెను. దీనినే మనవారు క్రాసింగు అందురు. నెలల తరబడి ప్రతిదినము ఇదే పని. చిన్న వ్రేళ్లకే ఈ పని చక్కగా వచ్చునని చెప్పుదురు గాని, నిజమేమనగా చిన్న వ్రేళ్లకు కూలి తక్కువ. తలిదండ్రులకు ముందుగా అప్పు ఇచ్చి, ఆ కారు అంతటికిని పిల్లను పనికి కట్టివేయుదురు. అట్లు బడి మానినవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే.

2003లో దావులూరి వెంకటేశ్వర్లుగారి పరిశోధన నెదర్లాండ్సు సంస్థయొకటి ద్వారా వెలువడగా, బేయరు, మోన్సాంటో మొదలగు విదేశీ కంపెనీల పేర్లు బయటపడినవి. కంపెనీ నేరుగా ఎవరిని కూలికి పెట్టుకొనదు. మూలవిత్తనమిచ్చి, ఆర్గనైజరు ద్వారా రైతుతో ఒప్పందము చేసికొని, పంటను తాను నిర్ణయించిన ధరకు కొనును. కనుక పిల్లలను పెట్టుకొన్నది రైతే, మాకేమి తెలియునని చెప్పుట సులభము. ఇటువంటి జవాబు ఆదికాండము 4వ అధ్యాయములో మనము విన్నదే.

అయితే ధర నిర్ణయించువాడే కూలిని కూడ నిర్ణయించుచున్నాడు. పెద్దలకు తగిన కూలి ఇచ్చిన యెడల ఆ ధరలో రైతుకు మిగులునది స్వల్పమని 2005లో వచ్చిన మరియొక నివేదిక లెక్కలతో చూపినది. రైతు నిర్దోషియని మేమనము. అయినను అతనినొక్కనినే దండించుట న్యాయము కాదు.

తరువాత ఆ కంపెనీలు కొంత దారికి వచ్చినవని ఒప్పుకొనవలెను. చేలను తనిఖీ చేయించి, పిల్లలు కనబడిన చోట రైతును హెచ్చరించినవి. అంతతో నిలువక, పిల్లలను పెట్టని రైతుకు ధరమీద అదనపు సొమ్ము ఇచ్చినవి. పని మానిన పిల్లలకు చదువు చెప్పించు ఏర్పాట్లకు తోడ్పడినవి. సొమ్ము కూడ కదలినందుననే ఆ కంపెనీల చేలలో పిల్లలు తగ్గిరని మా అభిప్రాయము. తనిఖీ లేని చేలలో పాత పద్ధతియే సాగినది. 2015లో వెలువడిన నివేదిక ప్రకారము దేశమంతటను విత్తనపత్తి పనిలో 14 ఏండ్ల లోపు పిల్లలు సుమారు 2 లక్షలమంది యుండిరి.

ఇక మన యిండ్ల సంగతి. 2016లో సవరించిన చట్టము 14 ఏండ్ల లోపు పిల్లలను కూలికి పెట్టరాదనుచున్నది. బడి వేళలు తప్పించి, సొంత కుటుంబపు పనిలో సాయము చేయవచ్చునని మాత్రము విడిచిపెట్టినది. మనలో కొందరము ఈ మాటనే ఆధారము చేసికొనుచున్నాము. పువ్వు రాయవలసినది ఉదయమున. బడి గంట మ్రోగునది కూడ ఆ వేళనే.