బండి కడగడానికి ఏది మంచిది?

ఆమ్లాలు, క్షారాల పాఠం పరీక్ష కోసమే అనుకుంటాం గాని, ఆదివారం బండి కడిగేటప్పుడు కూడా అది పనికొస్తుంది. బట్టల సర్ఫు కలిపిన నీళ్లలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచి చూడండి, నీలంగా మారుతుంది. అంటే అది క్షారం. బట్టల జిడ్డు వదిలించే ఆ గుణమే బండి రంగు మీది మైనపు పూతను కూడా లాగేస్తుంది. వాయిదాలు తీరకముందే బండి పాతదైపోయినట్టు కనపడేది అందుకే.

ఇంజను కవర్లు ఎక్కువగా అల్యూమినియంవి. ఈ లోహాన్ని క్షారమూ తింటుంది, ఆమ్లమూ తింటుంది. తళతళలాడతాయని చక్రాలకు బాత్‌రూం యాసిడ్ పూసేవాళ్లున్నారు. అది చేతులకూ మంచిది కాదు, చక్రాలకూ మంచిది కాదు.

వాహనాల షాంపూ పి.హెచ్. విలువ 7కు దగ్గరగా ఉన్నది చూసి కొనాలి. అది లేనప్పుడు తలకు వాడే షాంపూ ప్యాకెట్ ఒకటి బకెట్ నీళ్లలో కలిపినా సర్ఫు కన్నా నయమే. ముందు నీళ్లు కొట్టి ఇసుక పోగొట్టాలి, లేదంటే గుడ్డతో రుద్దినప్పుడు గీతలు పడతాయి. ఇంజను చల్లారాకే కడగాలి. బోరు నీళ్లలోని కాల్షియం లవణాలు ఎండితే తెల్ల మచ్చలవుతాయి కనుక వెంటనే తుడవాలి.

గొలుసుకు కిరోసిన్, బ్రష్షు చాలు. పెట్రోలు వద్దు, నిప్పంటుకుంటుంది. కిరోసిన్ గాని, నూనె గాని బ్రేకు డిస్కుకు, టైరు నేలను తాకే భాగానికి తగిలితే బండి ఆగదు, జారుతుంది. కడిగాక బ్రేకులు తడిగా ఉంటాయి. మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు నొక్కి, పట్టు వచ్చాకే రోడ్డెక్కండి.